పంచదార నీళ్లు

మంగళవారం, ఉదయం డ్యూటీ.

మూడో రోజు పాప. ముఖం, ఛాతీ పచ్చబడ్డాయి. కామెర్ల పరీక్షకు మడమ దగ్గర రక్తం తీయాలి. కోనసీమ వైపు నుంచి గోదావరి దాటించే మొదటి పంటు పడవకే కారియర్‌తో వచ్చేసిన మామ్మగారు, "తల్లి చూడలేదమ్మా, పిల్లను ఇటివ్వండి" అని చేతులు చాచారు. ఇవ్వనివ్వలేదు. పాలు తాగుతుంటే సూది నొప్పి తగ్గుతుందని తల్లినే పట్టమన్నాను.

గుటకలు ఒక తీరున పడేదాకా ఆగాను. రక్తం త్వరగా జారాలని గోరువెచ్చని గుడ్డతో మడమ కాపి, అంచున గుచ్చాను. గుచ్చడం కన్నా పిండడమే పిల్లలకు ఎక్కువ బాధ. పాప కాలివేళ్లు విసనకర్రలా విచ్చుకున్నాయి, కనుబొమల మధ్య ముడి పడింది, నోరు ఆగింది. ఏడుపు కోసం కాచుకున్నాను. మళ్లీ చప్పరించడం మొదలుపెట్టింది!

పక్క బాబు తల్లి ఇంకా ఆపరేషన్ గదిలోనే ఉంది. వాడికి 24 శాతం సుక్రోజ్ ద్రావణం రెండు చుక్కలు నాలుక కొసన వేసి, కాళ్లూ చేతులూ పొట్ట మీదికి ముడిచి పట్టుకుని, రెండు నిమిషాలు చూసి గుచ్చాను.

"ఏమిటది?" అన్నారు మామ్మగారు.

"చక్కెర ద్రావణం."

"నిన్న నేను పాపకు పంచదార నీళ్లు నాకిస్తానంటే అంతెత్తున లేచారే!"

వార్డంతా నవ్వింది. మీరు పట్టేది పాలకు బదులు, ఇది నొప్పి తగ్గడానికి సూది ముందు మాత్రమే, కొలిచి వేసే మందు అని చెప్పాను. ఏడాది నిండేదాకా తేనె కూడా వద్దన్నాను. ఆవిడ సగమే నమ్మారు. "అయితే మా అత్తగారు మరీ తెలివితక్కువది కాదన్నమాట."

కాదు మరి.

1999లో నేను శిక్షణలో ఉండగా నేర్పిన మొదటి పని తల్లిని బయటికి పంపడం. పసిగుడ్డుకు నొప్పి అంతగా తెలియదని పెద్ద పెద్ద డాక్టర్లే నమ్మిన రోజులుండేవి. మత్తు సరిగా ఇవ్వకుండానే ఆపరేషన్లు చేసేవారట. తెలుస్తుందని ఆనంద్, హికీ అనే వైద్యులు న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రాసింది 1987లో. పన్నెండేళ్లయినా ఆ మాట మా గది దాకా రాలేదు. నా కొడుక్కి బీసీజీ వేసినప్పుడు నేనూ వరండాలోనే నిలబడ్డాను, నర్సునై ఉండి.

ఇంజెక్షన్ల గదిలో తల్లి కూర్చోవడానికి కుర్చీ లేదు. ఉన్న ఒక్క స్టూలు మీద ట్రే పెడతాం. రేపు మళ్లీ అడగాలి, ఇది మూడోసారి.