చెమ్మ గీత

2019 సంక్రాంతికి వారం రోజుల ముందు పర్లాకిమిడిలోని మా తాతగారి ఇంటి తాళం తీసేసరికి మండువాలో రావి మొక్క నడుమెత్తు పెరిగి ఉంది, పడమటి వాలు పెంకులు సగానికి పైగా నేల మీద పడి ఉన్నాయి, సావిడి గోడ మీద నాలుగడుగుల ఎత్తున ఒక గీత అడ్డంగా పాకి ఉంది. గీతకు కింద గోడ నల్లబడి, తాకితే చల్లగా తగిలింది; గీత పొడవునా తెల్లటి ఉప్పు పూసి ఉంది. ఆ రోజు ఆ గీత పక్కన పెన్సిలుతో తేదీ వేశాను. తరువాత మూడేళ్ళ పాటు ఆ ఇంట్లో మేము చేయించిన పనులన్నిటికీ ఆ పెన్సిలు గుర్తే కొలబద్ద అయింది.

శ్రీకాకుళం నుంచి బరంపురం దాకా పాత పట్నాల వీధుల్లో కనిపించే వరస ఇళ్ళలో మాదీ ఒకటి. వీధి వైపు వెడల్పు పద్నాలుగడుగులే, లోపలికి పొడవు మాత్రం తొంభై అడుగులు. వీధి అరుగు, సావిడి, మండువా, నట్టిల్లు, వంటిల్లు, నూతి పెరడు ఒకదాని వెనుక ఒకటిగా సాగుతాయి. రెండు పక్కల గోడలూ పొరుగువారితో ఉమ్మడివి కనుక కిటికీలకు చోటు లేదు. గాలీ వెలుతురూ మండువా నుంచే రావాలి. మట్టి అడుసుతో పేర్చిన ఇటుక గోడలు ఒకటిన్నర అడుగు మందం, పైన సున్నపు పూత, సాల దూలాలు, మంగళూరు పెంకులు. ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో కట్టినది కాబట్టి క్రయపత్రం తెలుగులో ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరిన తరువాతి కాగితాలన్నీ ఒడియాలో ఉన్నాయి.

కాగితాల మాట ముందే చెప్పడానికి కారణం ఉంది. పాత ఇళ్ళు పాడుబడడానికి నేను చూసినంతలో వానలకన్నా ముందు వాటాలు కారణమవుతాయి. నలుగురికి హక్కున్న ఇంటి పైకప్పు మీద ఎవరు డబ్బు పెడతారు? మా తాతగారు వీలునామా రాయలేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన స్వార్జితంలో మా నాన్నగారితో పాటు ఇద్దరు మేనత్తలకూ సమానమైన వాటా ఉంది. వారి వాటాల విలువ లెక్కగట్టి ఇచ్చి, హక్కు విడుదల పత్రాలు రిజిస్టరు చేయించి, తహసీలులో పేరు మార్పించుకునేసరికి ఆ ఏడాది దసరా వచ్చింది. ఆ తొమ్మిది నెలల్లో ఇంటికి మేము చేసిందల్లా టార్పాలిన్ కప్పించడమూ, రావి మొక్కను వేళ్ళతో సహా తీయించడమూ మాత్రమే. ఇటువంటి ఇల్లు ఉన్న ప్రతి కుటుంబమూ ముందు వాటాలు తేల్చుకునే పనే చేయాలని నా దృఢమైన అభిప్రాయం.

ఇక గోడ సంగతి. మొదట వచ్చి చూసిన కాంట్రాక్టరు, పెచ్చులూడిన చోటల్లా సిమెంటు పూసి, పుట్టీ పెట్టి, నేలంతా విట్రిఫైడ్ టైల్స్ పరిచి, దూలాలు కనబడకుండా ఫాల్స్ సీలింగ్ కొడితే నాలుగు నెలల్లో కొత్త ఇల్లు చేసి ఇస్తానన్నారు. ఆయన చూపించిన ఫోటోలు నిజంగా అందంగానే ఉన్నాయి. కాని ఆ మాటలు వింటుంటే నాకు మా సావిడి గోడే గుర్తుకు వచ్చింది. దానికి పన్నెండేళ్ళ ముందు మా నాన్నగారు చెమ్మ ఆగాలని ఆ గోడకు నేల నుంచి మూడడుగుల ఎత్తు వరకు సిమెంటు పూయించి, పైన నీరు దిగని రంగు వేయించారు. అప్పుడు చెమ్మ ఉన్నది ఒకటిన్నర అడుగు ఎత్తున. సిమెంటు పూసిన తరువాత అది మూడడుగులూ దాటి నాలుగుకు చేరింది.

ఎందుకు అలా జరిగిందో పాతపట్నం నుంచి వచ్చిన ఒక పెద్ద తాపీమేస్త్రి గారు గోడ గోకి చూపించి వివరించారు. "అమ్మగారూ, గోడకి నీరు పట్టింది. అదెటు నుంచి ఒస్తందో సూడకుండా పైన మందు రాస్తే ఏటవుతాది? లోపలే ఉండి పైకెక్కుతాది," అన్నారు. పాత గోడల పునాదిలో తడిని ఆపే పొర ఉండదు. నేలలోని నీరు ఇటుకల సన్నని రంధ్రాల గుండా పైకి పాకుతూనే ఉంటుంది. సున్నపు పూతకు ఆవిరిని బయటికి వదిలే గుణం ఉంది కనుక ఎక్కిన నీరు ఎక్కినట్టే గాలిలోకి పోయి గోడ ఒక సమతూకంలో నిలబడుతుంది. సిమెంటు పూత ఆ దారి మూసేస్తుంది. నీరు ఆరే చోటు వెతుక్కుంటూ పూత అంచు దాటేదాకా పైకి వెళుతుంది, తనతో తెచ్చిన ఉప్పును అక్కడ వదులుతుంది, ఆ ఉప్పు గడ్డకట్టి ఇటుకను లోపలి నుంచి పొడి చేస్తుంది. నేలంతా నీరు పీల్చని టైల్స్ పరిచినా ఇదే జరుగుతుంది: నేల గుండా ఆరవలసిన తడి కూడా గోడల వైపు మళ్ళుతుంది.

కాబట్టి అందం గురించి ఆలోచించే ముందు నీరు ఎక్కడి నుంచి వస్తోందో వెతకాలని నిర్ణయించుకున్నాము. మొదటి జవాబు వీధిలోనే దొరికింది. మా అమ్మ కాపురానికి వచ్చిన రోజుల్లో వీధి నుంచి అరుగు మీదికి మూడు మెట్లు ఎక్కేవారట. ఇప్పుడు ఒక్క మెట్టే మిగిలింది. పాత రోడ్డును తవ్వకుండా దాని మీదే మళ్ళీ మళ్ళీ సిమెంటు రోడ్డు వేస్తూ పోవడం వల్ల వీధి ఇంటి కన్నా ఎత్తుకు వచ్చేస్తోంది. ఒక్క మా ఊళ్ళోనే కాదు, చిన్న పట్నాల పాత వీధులన్నిటిలోనూ ఇదే వరస. మంచి ఇళ్ళు ఎన్నో ఇలా పల్లంలో పడిపోతున్నాయని తలచుకుంటే నాకు బాధ కలుగుతుంది. సావిడి నేల ఎత్తు పెంచమని కొందరు సలహా ఇచ్చారు. కాని నేల పెంచితే ద్వారం పొట్టిదై తల తగులుతుంది, పదేళ్ళకు రోడ్డు మళ్ళీ పెరుగుతుంది. దానికి బదులు అరుగు పొడవునా జాలీ మూతతో సన్నని కాలువ తవ్వించి, దానిని పెరటి వరకు ఇంటి లోపలి పక్కగా గొట్టంతో కలిపించాము. రెండవ కారణం మండువా తూము. అది మట్టితో పూడి ఎన్నేళ్ళయిందో, వాన నీరంతా నట్టింటి పునాదిలోకే ఇంకుతోంది. మూడవది పైకప్పు.

పైకప్పు దెబ్బతిన్నది తిత్లీ తుఫానులో. 2018 అక్టోబరు 11న అది పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లాను అల్లకల్లోలం చేసింది. పెంకుల ఇంటికి గాలి ప్రమాదం చూరు అంచుల్లోనూ మూలల్లోనూ రెండు వాలులూ కలిసే నడికొప్పు మీదా ఎక్కువ. అక్కడ గాలి పెంకును తోయదు, పైకి లాగుతుంది. ఒక వరస లేచిపోతే లోపలికి దూరిన గాలి మిగిలిన వరసలను కింద నుంచి ఎత్తేస్తుంది. అందుకని మళ్ళీ పరిచేటప్పుడు చూరు దగ్గరి మూడు వరసల పెంకులకూ రంధ్రాలు వేయించి తుప్పు పట్టని తీగతో పట్టీలకు కట్టించాము, నడికొప్పు పెంకులను సున్నంలో కూర్చోబెట్టించాము, వాసాలను గోడ మీది దిమ్మకు ఇనుప పట్టీలతో బిగించాము. దూలాలు మాత్రం పైకి నిక్షేపంగా కనబడుతూ గోడలో దూరిన చివర్లలో చెదలు తిని బోలుగా ఉన్నాయి. మొత్తం మార్చాలన్న వడ్రంగి, మిగతా కర్ర గట్టిగానే ఉందని మేము సుత్తితో తట్టి చూపించిన తరువాత ఒప్పుకుని, కుళ్ళిన మూడడుగులూ కోసి పాత ఇంటి కూలుడు కర్రతోనే అతికి, రెండు పక్కలా ఇనుప రేకులు వేసి బోల్టులు బిగించాడు. పద్నాలుగు దూలాలలో పూర్తిగా మార్చవలసి వచ్చినవి మూడే. విరగని పెంకులన్నీ కడిగి వాడుకున్నాము; గదికి నాలుగు చొప్పున గాజు పెంకులు చేర్చడంతో కిటికీ లేని నట్టింట్లో పగలు దీపం అవసరం లేకుండా పోయింది.

ఆ శీతకాలంలోనే సావిడి సిమెంటు పూతను గీకించేశాము. ఇటుక బయటపడిన గోడను అలాగే వదిలేయమన్నారు మేస్త్రి గారు. తడిసిన గోడ అంగుళం మందానికి సుమారు నెల చొప్పున ఆరుతుందని పాత ఇళ్ళ పని తెలిసినవారు లెక్క వేస్తారు. ఆ లెక్కన మా గోడకు ఏడాదిన్నర కావాలి. అంత ఓపిక నాకు ఉండేది కాదేమో, కాని 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలై పనులన్నీ ఆగిపోవడంతో గోడలకు కావలసిన గడువు దానంతటదే దొరికింది. 2021 జనవరిలో రెండవ పెన్సిలు గుర్తు వేశాను. గీత రెండడుగులకు దిగింది.

ఆ తరువాతే సున్నం పని. గుల్ల సున్నాన్ని పెరట్లో గోతిలో వేసి నీళ్ళు పోస్తే కుతకుత ఉడికింది. వడగట్టి పైన నీరు నిలిచేలా నెల రోజులు మాగబెట్టారు. ఒక పాలు సున్నానికి మూడు పాళ్ళు ఇసుక కలిపి, కరక్కాయలు నానబెట్టిన నీరూ బెల్లమూ చేర్చి, రోలులో రుబ్బినంత మెత్తగా దంచారు. అర అంగుళం చొప్పున రెండు పూతలు, మధ్యలో పది రోజుల ఎడం. సిమెంటు నీటితో గట్టిపడుతుంది. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని నెమ్మదిగా మళ్ళీ సున్నపురాయిగా మారుతుంది. అందుకే తొందరపడి ఎండబెట్టకూడదు. నేను స్వయంగా మూడు వారాల పాటు రోజుకు రెండు పూటలా తడి గోనెలు కప్పించాను. ఈ పని తెలిసిన చేతులు మా ప్రాంతంలో ఇంకా ఉన్నాయి, కాని పిలిచేవారు లేక వారు కూడా సిమెంటు పనులకే పోతున్నారు. మేస్త్రి గారితో పాటు ఇద్దరు కుర్రవాళ్ళు ఈ పని నేర్చుకున్నారు; ఈ ఇంటి పనిలో నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చిన సంగతి అది.

మండువాను ఎవరో అద్దెకున్నవారు ఆస్బెస్టాస్ రేకులతో చాలావరకు మూసేశారు. ఆ రేకులను పొడిగా పగలగొడితే ఊపిరితిత్తులకు హాని చేసే సన్నని పీచు లేస్తుంది కనుక, నీళ్ళు చల్లి తడిపి, విరగకుండా మేకులు ఊడదీసి దించాలి. తీశాక ఆకాశం కనిపించింది, మా అమ్మ చాలాసేపు అక్కడే కూర్చుంది. కోతులు దిగకుండా ఇనుప జాలీ, దాని మీద రెండడుగుల ఎత్తున గాజు కప్పు పెట్టించాము. నాలుగు పక్కలా వదిలిన ఖాళీలోంచి వేడి గాలి పైకి పోతుంది. పెంకుల మీది నీరు ఇప్పుడు దోనెల గుండా పెరటి తొట్టికి చేరుతుంది. వంద చదరపు మీటర్ల కప్పు మీద పది మిల్లీమీటర్ల వాన కురిస్తే వెయ్యి లీటర్లు.

కొత్త వసతులన్నీ వెనుక భాగంలోనే చేర్చాము. స్నానాల గదులను పాత గోడలకు ఆనించకుండా, అడుగు దూరంలో వేరే గోడ కట్టించాము. ఆ గోడకు ఇటుకలను నిలువు అంచు మీద పేర్చి మధ్యలో బోలు వదిలే కట్టుబడి వాడాము; దీనిని తిరువనంతపురంలో స్థిరపడిన వాస్తుశిల్పి లారీ బేకర్ గారు ఎంతగానో ప్రచారం చేశారు. ఇటుకలు దాదాపు పాతిక శాతం మిగులుతాయి, ఆ బోలులో నీటి గొట్టాలు వేసుకోవచ్చు. చెక్క పట్టీల మీది పాత కరెంటు తీగలన్నీ తీయించి, ఎర్తింగ్ వేయించి, 30 మిల్లీఆంపియర్ల కరెంటు లీకయినా సరఫరా ఆపేసే రక్షణ స్విచ్చి పెట్టించాము. అమ్మకు మోకాళ్ళ నొప్పి కనుక వంటగట్టు ఎత్తు తగ్గించి, ఎత్తైన గడపకు రెండు పక్కలా చెక్క వాలు అమర్చాము. గడప కొట్టించడానికి ఆమె ఒప్పుకోలేదు, నాకూ మనసొప్పలేదు. సావిడి ఎర్ర గచ్చు పగుళ్ళు పూడ్పించి కొబ్బరినూనెతో రుద్దితే చిన్నప్పటి నిగారింపు వచ్చింది. వైఫై పెట్టె అటక కింద ఉంది; విశాఖపట్నం నుంచి వచ్చినప్పుడు తమ్ముడు మండువాలో కూర్చునే ఆఫీసు పని చేసుకుంటాడు.

2022 ఉగాదికి పాలు పొంగించాము. కిందటి నెల సావిడిలో వేసిన పెన్సిలు గుర్తు తొమ్మిది అంగుళాల ఎత్తున ఉంది. నట్టింటి ఉత్తరపు గోడ మీద మాత్రం గీత రెండడుగుల దగ్గరే ఆగిపోయింది; అది ఉమ్మడి గోడ, అవతల పొరుగువారి స్నానాల గది తూము కారుతోంది. ఆదివారం వారిని పిలిచి గుర్తులన్నీ తేదీలతో సహా చూపించాను. కార్తీకం వెళ్ళాక మన మేస్త్రి గారినే తమకూ పంపమన్నారు.