భువనగిరి రాయి మీద నా తాడు: కొన్నప్పటి నుంచి కోసేసే దాకా

రాక్ క్లైంబింగ్‌కు సొంత తాడు కొందామనుకున్నప్పుడు ఇంట్లో పెద్ద చర్చే నడిచింది. మాది గౌండ్లోళ్ల ఇల్లు. నాయిన తాడిచెట్టు ఎక్కే మోకు సాగకుండా బిగువుగా ఉండాలి. "సాగే తాడేం తాడు బిడ్డా, నడుము ఇరగ్గొట్టుకుంటవా?" అన్నాడు. నిజానికి నడుము విరగకుండా కాపాడేది ఆ సాగుడే. మోకు మీద మనిషి బరువు ఎప్పుడూ ఆనే ఉంటుంది. రాయి మీద అట్లా కాదు. చెయ్యి జారితే కొన్ని అడుగులు కిందికి పోయాక తాడు పట్టుకోవాలి. అది సాగకపోతే ఆ కుదుపంతా ఒంటి మీద, తాడును పట్టి ఉంచేందుకు పైన రాయికి వేసిన ఆధారం (యాంకర్) మీద పడుతుంది. అందుకే ఎక్కడానికి డైనమిక్ తాడే, అంటే సాగే తాడే కావాలి, దాని యూరప్ ప్రమాణం ఈఎన్ 892. ఈఎన్ 1891 అని ఉండేది తక్కువ సాగే తాడు. దిగడానికి, రక్షణ పనులకు వాడతారు. చూడ్డానికి రెండూ ఒక్క తీరుగానే ఉంటాయి కాబట్టి చివరన ఉన్న పట్టీ చదవకుండా కొనొద్దు.

భువనగిరి కోట గుట్ట అంతా ఒకటే రాయి. 2014లో ఎవరెస్ట్ ఎక్కిన పూర్ణ, ఆనంద్ మొదట శిక్షణ తీసుకున్నది ఇక్కడే. మన గ్రానైట్ గరుకు, తాడును గీకి గీకి తింటుంది. సన్నని 9 మిల్లీమీటర్ల తాడు తేలిక, మోయడానికి బాగుంటుంది. నేను మాత్రం 10 మిల్లీమీటర్లది, 60 మీటర్లు తీసుకున్నా. బరువు నాలుగు కిలోల దాకా వచ్చింది. ఈ తాడులో లోపల పోగులు, వాటి మీద అల్లిన తొడుగు ఉంటాయి. తాడు మొత్తంలో ఆ పైతొడుగు వాటా ఎంత శాతమో కూడా చూసుకున్నా. రాయికి రాసుకునేది తొడుగే, అది మందంగా ఉంటే ఎక్కువ కాలం వస్తుంది. నీళ్లు పట్టకుండా పూత పూసినవి ఖరీదు ఎక్కువ. మంచులో ఎక్కేవాళ్లకు అవి కావాలి, మన ఎండల్లో ఆ డబ్బు మిగుల్చుకోవచ్చు.

ఎన్నిసార్లు పడ్డా తాడు తట్టుకుంటుందో పట్టీ మీద ఒక అంకె ఉంటుంది. చాలామంది దాన్నే తాడు ఆయుష్షు అనుకుంటారు. అది ప్రయోగశాల లెక్క. 80 కిలోల బరువును చాలా కఠినంగా, మళ్లీ మళ్లీ పడేస్తారు, కనీసం ఐదుసార్లు తట్టుకోవాలి. మామూలుగా మనం పడేది అంత తీవ్రంగా ఉండదు. ఆ అంకె ఎంత పెద్దదైనా పదునైన అంచు మీద రాసుకుంటే తాడు తెగొచ్చు.

సగం ధరకు వాడిన తాడు ఇస్తానని ఒకాయన అన్నాడు. మాకు నేర్పిన అన్న వద్దన్నాడు: "కొత్తగనే కనిపిస్తది తమ్మీ. ఇన్నొద్దులు ఏడ వెట్టిండో నీకెరుకనా?" ఆ మాట అక్షరాలా నిజం. ఈ తాళ్లు నైలాన్‌వి. నైలాన్‌కు బ్యాటరీ యాసిడ్ తగిలితే, దాని ఆవిరి సోకినా, పైకి మరక కూడా కనిపించకుండానే బలం పోవచ్చు. నా తాడును ఇన్వర్టర్ ఉన్న గదిలోకే రానివ్వలేదు. మట్టి పడితే గోరువెచ్చని నీళ్లలో, ఘాటు లేని సబ్బుతో ఉతికి వసారా నీడలో ఆరేసేవాణ్ని. రాతి అంచు మీద తాడు ఆనే చోట గోనెపట్టా మడిచి పెట్టేవాణ్ని.

తాడు చూసుకునే పద్ధతి మాత్రం నాయిన దగ్గరే నేర్చుకున్నా. చెట్టెక్కే ముందు ఆయన మోకును ఈ కొస నుంచి ఆ కొస దాకా వేళ్లతో తడుముతాడు. 2024లో సర్కారు చెట్టు మీంచి పడకుండా కాపాడే కాటమయ్య రక్షణ కవచం కిట్లు ఇచ్చినంక కూడా ఆ అలవాటు మానలేదు. నేనూ గుట్ట దిగినంక కూర్చొని, కళ్లు మూసుకొని, తాడును జానెడు జానెడు వేళ్ల మధ్య నుంచి లాగేవాణ్ని. అనుమానం వచ్చిన చోట చిన్న ఉచ్చులా వంచాలి. బాగుంటే గుండ్రంగా వంగుతుంది. లోపలి పోగులు దెబ్బతింటే అక్కడ చదునుగా మడత పడుతుంది.

ఒకసారి నేను కట్టుకునే కొసకు దగ్గర్లోనే అట్లా మెత్తగా తగిలింది. ఎక్కువసార్లు పడ్డప్పుడు ముడి పక్కన బరువు పడే చోటు అదే. దెబ్బతిన్న చోటు దాటాక రెండు మీటర్ల చిల్లర కోసేసి, కొసను వేడితో కరిగించా. అసలు జాగ్రత్త ఆ తర్వాతే. తాడు పొట్టి అయింది, సరిగ్గా సగానికి వేసి ఉన్న గుర్తు ఇప్పుడు సగంలో లేదు. ఆ పాత గుర్తును నమ్మి తాడును రెండు పేటలుగా వేసి దిగితే ఒక కొస నేలకు అందదు. కొత్త గుర్తు వేసి, దిగేటప్పుడు కొసలకు ముడి తప్పనిసరి చేసుకున్నాం.

ఎప్పుడు పక్కన పెట్టాలన్నదానికి తయారీదారులు లెక్కలిస్తారు. ప్రతి వారం వాడితే ఏడాది, నెలకు కొన్నిసార్లయితే మూడేళ్లు, నెలకొకసారైతే ఐదేళ్లు, అసలు వాడకపోయినా పదేళ్లు మించొద్దని మమ్ముట్ అనే స్విట్జర్లాండ్ తాళ్ల కంపెనీ చెబుతుంది. అవన్నీ గరిష్ఠాలు. నా తాడుకు ఆ లెక్కన ఇంకా గడువు ఉండగానే, వానాకాలం తర్వాత ఒక పొద్దున నడిమి భాగంలో తొడుగు చిరిగి లోపలి తెల్లటి పోగులు బయటపడ్డాయి. దోస్తులు "ఆడికి కోసి రెండు చిన్న తాళ్లు చేస్కో" అన్నారు. మిగతా తాడు కూడా తడిమి చూశాం. తొడుగంతా నూగు లేచింది, ముడి వేస్తే బిరుసుగా ఉంది. నేను ఒప్పుకోలేదు.

ఇంకెవరూ తెలియక దాంతో ఎక్కకుండా ఆ రోజే ముక్కలు చేశా. గజం ముక్కలు కొత్తగా వచ్చే పిల్లలకు ముడులు నేర్పడానికి ఇచ్చా. మళ్లీ 10 మిల్లీమీటర్లదే కొన్నా, ఈసారి తొడుగు శాతం ఇంకొంచెం ఎక్కువున్నది. కొన్న తేదీ, మొదట వాడిన తేదీ నోటుబుక్కులో రాసి, ఆ పుస్తకాన్ని తాడు సంచిలోనే పెట్టా.