టూర్ బుక్ చేసేముందు ఒక ప్రశ్న

"అనాథాశ్రమం విజిట్ మా టూర్లలో ఉండదండీ. కావాలంటే అక్కడ మేం సాయం చేసే మహిళల వర్క్‌షాప్‌కి తీసుకెళ్తాం."

టూర్‌లో అనాథాశ్రమం కూడా ఉంటుందా అని అడిగితే, ఫోన్లో ట్రావెల్ కంపెనీ అమ్మాయి ఇంత స్పష్టంగా చెప్పేసరికి ప్రాణం లేచొచ్చింది.

టూరిస్టులు వస్తారు, డబ్బులిస్తారు అని తల్లిదండ్రులున్న పిల్లల్ని కూడా ఆశ్రమాల్లో పెట్టే దందా కంబోడియా, నేపాల్ లాంటి చోట్ల నిజంగా నడిచింది. 2018లో ఆస్ట్రేలియా ఆధునిక బానిసత్వ చట్టం తెచ్చినప్పుడు దీన్నీ లెక్కలోకి తీసుకుంది. మనం చాక్లెట్లు పంచి, ఫొటో దిగి వచ్చేస్తాం. ఆ పిల్లలు మాత్రం అమ్మానాన్నలకి దూరంగా అక్కడే ఉండిపోతారు.

సాయానికి వేరే దారులున్నాయి. ఇంట్రెపిడ్ ట్రావెల్ అనే టూర్ కంపెనీకి 2002 నుంచి సొంత ఫౌండేషన్ ఉంది. ప్రయాణికులిచ్చే విరాళాలు స్థానిక సంస్థలకు వెళ్తాయి. జీ అడ్వెంచర్స్ అనే ఇంకో టూర్ కంపెనీ 2003లో మొదలుపెట్టిన ప్లానెటెర్రా అనే సంస్థ దారి వేరు. ఊరివాళ్లే నడిపే భోజనశాలకో, చేతిపనుల సంఘానికో ఊతమిచ్చి, టూర్ గ్రూపుల్ని అక్కడికే తీసుకెళ్తారు.

నాకు ఈ రెండోదే ఎక్కువ నచ్చింది. విరాళం ఒక ఏడాది వస్తుంది, ఇంకో ఏడాది రాదు. గ్రూపులు వస్తూ ఉంటే రోజూ పని ఉంటుంది. (2020లో ప్రయాణాలు ఆగిపోయినప్పుడు అలాంటివాళ్ల ఆదాయమే ఒక్కసారిగా పోయింది. అది తలుచుకుంటే బాధేస్తుంది. అందుకే విరాళమూ కావాలి.)

ఇకనుంచి ఏ కంపెనీనైనా ముందు అడగాలనుకుంటున్నా: డబ్బు ఎవరి చేతికి వెళ్తుంది? ఆ సాయం అక్కడివాళ్లు అడిగిందేనా?

సూటిగా జవాబు చెప్పే కంపెనీలు మీకు తెలిస్తే చెప్పండి, రాసిపెట్టుకుంటా.