తెల్ల తీగకి నల్ల టేపు

బేస్‌మెంట్‌లో స్విచ్ బాక్స్ విప్పితే, తెల్ల తీగ కొసకి నల్ల టేపు చుట్టి ఉంది. "తెల్లగా ఉందని నమ్మకు, అందులోనూ కరెంటే" అన్నాడు నాకు ఎలక్ట్రీషియన్ పని నేర్పే సీనియర్. వయసులో నాకంటే బాగా చిన్నోడు. అయినా గురువు గురువే.

మన పాత ఇళ్లలో కరెంటు వచ్చే ఫేజ్ తీగ ఎరుపు, తిరిగి వెళ్లే న్యూట్రల్ నలుపు. ఈ కెనడా ఒంటారియోలో నలుపే ఫేజ్, తెలుపు న్యూట్రల్. ఎర్త్‌కైతే తొడుగే లేదు, వట్టి రాగి. పైగా తెలుపుకి టేపు చుడితే అదీ ఫేజే! ఊళ్లో ఫ్యూజు పోతే నేనే వేసేవాణ్ణి కదా, ఆ అలవాటు చేతుల్ని వదలట్లేదు. అందుకే టెస్టర్ పెట్టందే దేన్నీ ముట్టుకోవట్లేదు.

ఈ పని నేర్చుకునే అప్రెంటిస్‌షిప్ మొత్తం 9,000 గంటలు. తలుచుకుంటే టెన్షనే. "నలభై దాటాక ఇదేం చదువురా" అని అమ్మ ఫోన్లో ఒకటే గోల.

ఆకలి మాత్రం దంచేస్తోంది. డబ్బాలో పులిహోర మెతుకు మిగిలితే ఒట్టు.