ఇప్పుడు మాట్లాడుతున్నది ఎవరు?

ఇంగ్లండులో వృద్ధుల కేర్ హోమ్‌లో ఉద్యోగం అంటే మందులివ్వడం, స్నానాలు చేయించడం, పక్కలు మార్చడం అని కావలిలో మా బంధువులు అనుకుంటారు. అవన్నీ ఉన్నాయి. టీవీ గది సంగతే ఎవరికీ తెలియదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక నడవగలిగినవాళ్లు నడిచి, లేనివాళ్లు చక్రాల కుర్చీల్లో అక్కడికి చేరతారు. రిమోట్ మా చేతిలో ఉంటుంది. రోజు మొత్తంలో ఎక్కువ తగవులు దాని దగ్గరే.

ఆ గదిలో పనిచేశాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది. టీవీ కార్యక్రమాల్లో యాంకర్లు అవసరానికి మించి ఉన్నారు.

మా దగ్గర తొంభై దాటిన ఒక మాజీ టీచరమ్మ ఉన్నారు. మతిమరుపు జబ్బు. ఆదివారం సాయంత్రం పల్లెల మీద, పొలాల మీద బీబీసీలో వచ్చే 'కంట్రీఫైల్' ఆవిడకు ప్రాణం. అందులో గొర్రెల దొడ్డి దగ్గర ఒకరు మాట్లాడతారు, సముద్రపు ఒడ్డున ఇంకొకరు, తోటలో మరొకరు. మనిషి మారినప్పుడల్లా ఆవిడ నా చెయ్యి పట్టుకుని "ఇప్పుడు మాట్లాడుతున్నది ఎవరు?" అంటారు. పేరు చెప్పేలోపు వేరే ముఖం వచ్చేస్తుంది. 1989 నుంచి ఆ కార్యక్రమంలో ఉన్న జాన్ క్రేవెన్ కనబడితే మాత్రం అడగరు. ఆయన చెప్పేది ఎంత అర్థమవుతుందో గానీ, తెలిసిన మనిషి ఇంటికి వచ్చినట్టు సర్దుకుని కూర్చుంటారు.

చెవుడు ఉన్నవాళ్ల తిప్పలు వేరు. ఇక్కడ టీవీలో సబ్‌టైటిళ్లు మాట్లాడే మనిషిని బట్టి రంగు మారతాయి. ఉన్నవి తెలుపు, పసుపు, లేత నీలం, ఆకుపచ్చ, అంతే. ప్రత్యక్ష ప్రసారాల్లో చాలావరకు ఒక ఉద్యోగి ఆ మాటలు వింటూ మళ్లీ కంప్యూటర్‌కు చెబుతుంటే అవి అక్షరాలై తెర మీదికి వస్తాయి. దానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఒక్క మనిషే మాట్లాడుతుంటే ఆ ఆలస్యం ఎవరికీ పట్టదు. సోఫా మీద నలుగురు ఒకరి నోటి మాట ఒకరు అందుకుంటుంటే మాత్రం మొదటి ఆయన వేసిన జోకు మూడో ఆవిడ ముఖం కింద పడుతుంది. మా వాళ్లు నవ్వాలో వద్దో తెలియక నా వైపు చూస్తారు.

గతంలో ఇలా లేదు. ప్యాట్రిక్ మూర్ అనే పెద్దమనిషి 1957 ఏప్రిల్ నుంచి 2012 డిసెంబరులో చనిపోయేవరకు బీబీసీలో నెలకోసారి ఆకాశం గురించి చెప్పారు. ఇప్పుడు అదే కార్యక్రమాన్ని కొందరు శాస్త్రవేత్తలు పంచుకుంటున్నారు. దానికి నాకు అభ్యంతరం లేదు, వాళ్లకు విషయం తెలుసు. 1969లో కళాచరిత్రకారుడు కెన్నెత్ క్లార్క్ ఒక్కరే పదమూడు భాగాల్లో నాగరికత కథ చెప్పారు. 2018లో అదే తరహా కార్యక్రమం మళ్లీ తీసినప్పుడు ముగ్గురిని పెట్టారు. కానీ ఒక్కో భాగానికి ఒక్కరే. ఆ పద్ధతి నాకు నచ్చింది. సంఖ్య మీద కాదు నా ఫిర్యాదు, ఒకే చోట ఒకే పనికి నలుగురిని నిలబెట్టడం మీద.

ఇంకో పక్క కూడా ఉంది. 2015లో 'కంట్రీఫైల్'లోకి అనితా రాణి వచ్చారు. భారతీయ మూలాలున్న బ్రాడ్‌ఫర్డ్ అమ్మాయి. తెల్లవాళ్ల పొలాల మధ్య మన రంగు మనిషి బురద బూట్లతో నడుస్తుంటే నేను చేతిలో పని ఆపి చూస్తాను. ఒకే ఒక్క పెద్దమనిషి కాలమైతే ఆమెకు చోటు దొరికేదా? దొరికేది కాదు. అయితే 2009లో ఆ కార్యక్రమాన్ని ఆదివారం సాయంత్రానికి మార్చినప్పుడు అందులో యాంకరుగా ఉన్న మిరియం ఓరైలీని తప్పించారు. అది వయసు వివక్షేనని 2011లో ట్రిబ్యునల్ తీర్పు చెప్పింది. అన్ని కుర్చీలున్న చోట యాభై దాటిన ఆడమనిషికి ఒక్క కుర్చీ దొరకలేదు! మా టీవీ గదిలో అందరూ ఎనభై పైనే.

నా విరామం రెండున్నరకు. చలికాలంలో అప్పటికి కావలిలో రాత్రి ఎనిమిది, అమ్మ టీవీ ముందు ఉంటుంది. వెనక నుంచి కేకలు, చప్పట్లు. "ఇద్దరు జడ్జీలు, ఇద్దరు యాంకర్లు, ఆ మీద టీము లీడర్లు. పాడే పిల్ల ఎక్కడుందో వెతుక్కోవాలి," అంటుంది. నాయనకు చెవి సరిగా వినబడదు. అందరూ ఒక్కసారి నవ్వితే ఆయనకు ఒట్టి హోరు. మా ఇంట్లో చూసే పాటల పోటీల్లో సబ్‌టైటిళ్లు నేనెప్పుడూ చూడలేదు.

అమ్మకు కొలబద్ద బాలు గారే. 1996లో ఈటీవీలో 'పాడుతా తీయగా' మొదలైనప్పుడు పలకరించేదీ ఆయనే, తప్పు దిద్దేదీ ఆయనే, ఆ పాట వెనక కథ చెప్పేదీ ఆయనే. నెల్లూరు మనిషి కాబట్టి మా జిల్లా అభిమానం కొంత కలిసిందేమో, కలవనివ్వండి. పిల్ల భయపడి ఆగిపోతే ఆయన ఆ చరణం అందించేవారు, అంతటితో ఊరుకునేవారు. ఆయన పోయాక అమ్మ ఆమోదం పొందింది సుమ ఒక్కతే. పుట్టింది కేరళలో అయినా ఆమెకు పక్కన ఇంకో యాంకరు అక్కర్లేదని అమ్మ తీర్పు.

"నచ్చకపోతే కట్టెయ్యొచ్చు కదమ్మా," అంటే, "కట్టేస్తే మీ నాయన ఎవరితో పోట్లాడాలి?" అంటుంది. డిష్ రీఛార్జి నేనే ఇక్కడి నుంచి చేస్తాను. ఒక్కరోజు ఆలస్యమైతే ఆ యాంకర్లందరి తరఫున నాకు ఫోను చేసేది కూడా ఆవిడే.