ముడసర్లోవ గెడ్డ ఒడ్డున గడ్డిజాతులు

హనుమంతవాక నుంచి ముడసర్లోవ వైపు వెళ్లే షేర్ ఆటో నిండేదాకా కదలదని విశాఖవాసులకు చెప్పనక్కరలేదు. ఆ ఉదయం నన్ను బాధించింది ఆలస్యం కాదు, నా చేతిలోని భూతద్దం చూసి పర్యాటకుడినని తలచి ఆటో అతను రెట్టింపు అడగడం. గెడ్డలోకి, అంటే అక్కడి వాగులోకి, దిగేదాకా ఆ చిరాకు పోలేదు.

గోదావరి లంకల్లో పెరిగినవాడిని గనుక, ఆశ్వయుజం వచ్చిందంటే రెల్లుపూలతో తెల్లబడిన ఇసుకతిన్నెలు, రెల్లు నేసిన ఇళ్ల కప్పులు గుర్తుకు వస్తాయి. ఇక్కడా నీటి అంచు తెల్లగా ఉంటుందని ఆశించి వెళితే, ఎటు చూసినా చిక్కటి పచ్చదనమే కనిపించింది. ఒక కాడ తెంపి చూశాను. కణుపుల దగ్గర తెల్లని మెత్తటి నూగు, కాడను చుట్టుకున్న ఆకు ఒర మీద వెంట్రుకలు, నేలకు తగిలిన ప్రతి కణుపు నుంచీ వేళ్లు ఉన్నాయి. పశువుల మేతకోసం మన దేశానికి తెచ్చిన, ఆఫ్రికాకు చెందిన పారా గడ్డి అది. గట్టు మీద కుదుళ్లు కట్టి, కంకి అడుగు కొమ్మలను ఒకే చోటు నుంచి చుట్టూ విప్పుకున్న గినీ గడ్డి కూడా ఆ ఖండానిదే. మన గరిక మాత్రం కాలిబాట పక్కన, చేతివేళ్లలా విడిన మూడు నాలుగు కంకులతో నేలను పట్టుకుని ఉంది. తుంగను అందరూ గడ్డి అనుకుంటారు గాని, మూడు పలకలుగా ఉండి కణుపులు లేని దాని కాడను వేళ్ల మధ్య తిప్పి చూస్తే వేరే కుటుంబమని తెలిసిపోతుంది.

"ఏటి బాబూ ఎతుకుతున్నావు, ఏటైనా పడిపోనాదా?" అంటూ కొడవలితో ఒకావిడ వచ్చింది. రెల్లు కోసమని చెప్పగానే, తాను రోజూ మేత కోసుకునే మలుపు దగ్గరకు తీసుకువెళ్లింది. అక్కడ ఇసుక మేట మీద, సన్నని ఆకుల నడుమ తెల్లటి ఈనెలతో, తలెత్తిన పూలతో రెల్లు దుబ్బులు నిలిచి ఉన్నాయి.

"దీన్ని కొయ్యవా అమ్మా?" అని అడిగాను.

"ముదిరిపోనాక గేదెలు ముట్టవు బాబూ. సెయ్యి కూడా కోసుకుపోద్ది. ఆ పారా గడ్డయితే ఎంతేసినా తినేస్తాయి."

ఆ మాట విన్నాక చుట్టూ మళ్లీ పరికించి చూశాను. ఆవిడ కొడవలి తిరిగినంత మేరా పారా గడ్డి మోకాలెత్తు దాటలేదు, రెల్లుకు వెలుతురు దక్కింది. మనిషి అడుగుపెట్టని ఎగువ భాగంలో పారా గడ్డి ఒడ్డును కప్పేసి నీటి మీదికి సాగింది, అక్కడ ఒక్క రెల్లు దుబ్బు కూడా లేదు. పరాయి గడ్డిని వేళ్లతో పెకలించాలని వాదించే మిత్రులు నాకు ఉన్నారు. ఈ గెడ్డ వరకు, ఆ పని మొదలుపెట్టే ముందు మేత కోసేవారిని ఎగువకు కూడా వెళ్లనిచ్చే దారి ఒకటి వేయడం మేలని నా అభిప్రాయం.