ఇంటిపేర్లున్న వేరియబుళ్లు

మా ఎం.సి.ఏ. బృందంలో పాఠ్యపుస్తకాల నిర్వచనాలు ఎందరికి గుర్తున్నాయో చెప్పలేను గాని, ల్యాబ్‌లో నవ్వుకున్న జోకులను మాత్రం ఎవరూ మరచిపోలేదు. వాటిలో చాలావరకు పేర్లు పెట్టడం గురించినవే.

ఫోర్‌ట్రాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రకం ప్రకటించని వేరియబుల్ (విలువను దాచుకునే చోటు) పేరు ఐ నుండి ఎన్ వరకు గల అక్షరాలలో దేనితోనైనా మొదలైతే కంపైలర్ (ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చేది) దానిని ఇంటిజర్‌ (పూర్ణాంకం)గాను, లేకుంటే రియల్‌ (దశాంశ సంఖ్య)గాను తీసుకుంటుంది. కాబట్టి, ఎవరో పనిగట్టుకుని ఇంటిజర్ అని ప్రకటిస్తే తప్ప 'జి'తో మొదలయ్యే 'గాడ్' ఎప్పటికీ రియలేనన్న పాత జోకును మా మాస్టారు నవ్వకుండా చెప్పి బోర్డు తుడిచేవారు. వెనుక బెంచీలవారు నవ్వేసరికి ఆయన తరువాతి పాఠంలో ఉండేవారు.

మైక్రోసాఫ్ట్‌లో పనిచేసిన చార్లెస్ సిమొన్యీ హంగేరీలో పుట్టినవాడు. అక్కడివారూ మనలాగే ఇంటిపేరును ముందు రాస్తారు. ఆయన పేరుతో ముడిపడిన హంగేరియన్ నొటేషన్‌లో వేరియబుల్ అసలు పేరుకు ముందు దాని స్వభావాన్ని తెలిపే పొడి అక్షరాలు చేరతాయి. 'ఎల్‌పీఎస్‌జెడ్' అని కనిపిస్తే అది సున్నాతో ముగిసే స్ట్రింగ్‌కు (అక్షరాల వరుసకు) లాంగ్ పాయింటర్ (దాని చిరునామా) అని గ్రహించాలి. అరడజను ఇనిషియల్స్ దాటితే గాని మనిషి పేరు తగలని మా హాజరుపట్టీకి అలవాటుపడిన మాకు ఇదేమంత కష్టం కాలేదు. చిక్కల్లా ఆ పొడి అక్షరాలు కాలంతోపాటు మారకపోవడమే. విండోస్‌లోని 'డబ్ల్యూపారమ్' అనే వేరియబుల్ ఒకప్పుడు 16 బిట్ల వర్డ్; పేరులోని డబ్ల్యూ ఆ వర్డ్‌కే గుర్తు. తరువాత అది 32 బిట్లకు, ఆపైన 64 బిట్లకు పెరిగినా, ముందున్న డబ్ల్యూ మాత్రం నేటికీ అలాగే ఉంది.

జావా భాష వచ్చాక మా హాస్యం వారసత్వం మీదికి, అంటే ఒక క్లాసు (వస్తువుల నమూనా) మరో క్లాసు లక్షణాలను అందుకోవడం మీదికి మళ్లింది. హాస్టల్ మెస్ లెక్కల ప్రాజెక్టులో 'విద్యార్థి' క్లాసు 'మనిషి' క్లాసు నుండి రావాలని అందరమూ ఒప్పుకున్నాం గాని, మెస్ కాంట్రాక్టరును కూడా అదే వంశంలో చేర్చాలా అన్నది ఆనాటి సాంబారును బట్టి తేలేది. వార్డెన్‌గారిని మాత్రం ఏకగ్రీవంగా ఇంటర్‌ఫేస్ అని నిర్ణయించాం: మెథడ్‌ల (చేయవలసిన పనుల) పేర్లన్నీ ప్రకటించి ఉంటాయి, అమలు ఒక్కటీ ఉండదు. 2014లో వెలువడిన జావా 8 ఇంటర్‌ఫేస్‌లలోనూ డిఫాల్ట్ మెథడ్‌లకు (అమలుతో సహా ఉండేవాటికి) చోటిచ్చింది కనుక ఈ జోకును ఇప్పుడు కొంత సవరించుకోవలసి ఉంటుంది. ఆ సవరణ తమ వార్డెన్‌కు వర్తిస్తుందో లేదో నేటి విద్యార్థులే చెప్పాలి.